నువ్వుల నూనెకు రెండో కాలమ్

ల్యాబులో తను తయారుచేస్తున్న కొత్త యంత్రంలోకి పదిహేడోసారి అదే నువ్వుల నూనెను ఎక్కించి హైమవతి కుర్చీలో కూలబడింది. ఐదు నెలలుగా ఇదే పని. తలప్రాణం తోకకొచ్చింది. నూనె ఎదురుగా బల్ల మీద కూర్చున్న ఓబులమ్మది. అందులో ఇంజనాయిల్ కల్తీ ఉందని పాత యంత్రం చెప్పడంతో ఆమె గానుగకు సీలు పడింది. ఈసారీ పరీక్ష తప్పితే లైసెన్సు పోతుంది. 2050లో మనుషుల మాట ఎవడు వింటాడు! సీలు వేసేదీ తీసేదీ యంత్రం రిపోర్టే.

"ఏముంది మేడం, దాంట్లో అంత?"

"రెండు సన్నటి గొట్టాలమ్మా. కాలమ్‌లంటాం. నూనె ఆవిరి మొదటిదాంట్లో మరిగే వేడిని బట్టి విడిపోతుంది. ఒకే వేడికి మరిగేవి కలిసే బయటికొస్తాయి. పాత యంత్రం అక్కడే ఆగిపోయి మీ మీద నింద వేసింది. ఇందులో మధ్యన మాడ్యులేటర్ ఉంది. కలిసొచ్చినవాటిని చలితో ఆపి, కొంచెం కొంచెంగా రెండో కాలమ్‌లోకి తోస్తుంది. అక్కడ గుణాన్ని బట్టి విడిపోతాయి. ఆ రెండో గొట్టం లోపలి పూత మార్చీ మార్చీ ప్రాణం విసిగిపోయింది నాకు."

"ఓస్! జల్లెడ పట్టినాక చాటలో చెరిగేదే కదా. నువ్వుగింజంత రాయి జల్లెడకు దొరకదు, చాటకు దొరుకుతాది."

హైమవతికి నవ్వొచ్చింది. తన పై ఆఫీసరుకి ఇంత తేలిగ్గా ఏనాడూ చెప్పలేకపోయింది.

ఇంతలో, పాత యంత్రం ఒకే దిబ్బలా చూపిన గీత తెర మీద విడివిడి మొనలుగా చక్కగా విడిపోయింది. ఇంజనాయిల్ చుక్క కూడా లేదు. అన్నీ నువ్వులకు పుట్టుకతో ఉండేవే.

"నింద పోయిందమ్మా!" అంటూ హైమవతి ఆమె చెయ్యి పట్టుకుంది. ఓబులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రిపోర్టు బయటికొచ్చింది. ఇంజనాయిల్: లేదు. పేరు తెలియని పదార్థాలు: నలభైమూడు. సీలు కొనసాగుతుంది.

"ఇవేంది మేడం?"

"వాసనమ్మా. గానుగ నూనెకుండే కమ్మదనం. పాత యంత్రానికి ఇవి విడిగా కనపడేవే కావు. వీటికి ఇంకా ఎవరూ పేర్లు పెట్టలేదు. పేరు లేనిది అమ్మకూడదని రూలు."

"మరి ప్యాకెట్ నూనెలో?"

"వాటికి వాసనే ఉండదుగా. పాసవుతాయి." ఆ మాట అనడానికి హైమవతికి సిగ్గేసింది.

ఓబులమ్మ రిపోర్టులో ఆ అంకె మీద వేలు పెట్టింది.

"నింద ఒకటైతే కాదని ఒట్టేసినా. నలభైమూడుకు యాడని ఒట్టేసేది? వాసన పోగొట్టి తెస్తే ఒదుల్తారా?"

"వదులుతారు."

"అట్లయితే ఎట్ల పోగొట్టాలో రాసియ్యండి."

హైమవతి కాగితం తీసింది. నూనె ఎంత కాగాలో, ఆవిరి ఎంతసేపు పట్టాలో వరసగా రాసిచ్చింది.