పై మలుపు

సెలవుకొచ్చిన తొమ్మిదిమంది ఆ డబ్బా దగ్గర సైకిళ్ళు ఆపారు. వాళ్ళని నడిపించే గైడు మనూసోస్ మాత్రం ఆగలేదు. తల కూడా తిప్పలేదు.

వెనక సామాన్ల వ్యాను నడుపుతున్న రోదాంథి అది చూసింది. చూసి పళ్ళు కొరుక్కుంది. ఎందుకంటే ఆ డబ్బా ఆమె తమ్ముడిది.

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో రోడ్డు మీద ఎవరైనా పోతే, ఆ పోయిన చోటే ఇంటివాళ్ళు ఒక ఇనప కడ్డీ నాటి, దాని మీద గుడి ఆకారంలో చిన్న డబ్బా బిగిస్తారు. లోపల నూనె దీపం, దేవుడి పటం, పోయినవాడి ఫొటో. దారినపోయే లారీవాడు కూడా అక్కడ వేగం తగ్గించి సిలువ గుర్తు వేసుకుంటాడు. జారోస్ ఊరి నుంచి కిందకి దిగే రోడ్డులో, చివరి మలుపు దగ్గర, కంకర పక్కన, ఇరవై రెండేళ్ళ తీతోస్ ఆ డబ్బాలోంచి నవ్వుతూ ఉంటాడు. పోయిన అక్టోబరు దాకా వాడు కూడా ఈ సైకిలు యాత్రల కంపెనీలోనే గైడు.

ఫెస్తోస్ అనే పాతకాలపు రాజభవనం శిథిలాల కింద వ్యాను ఆపీ ఆపకముందే రోదాంథి దూకి, మనూసోస్ సైకిలుకి అడ్డం నిలబడింది.

"ఏం గైడుగారూ, మెడ పట్టేసిందా?"

"ఏంటి?"

"కాదూ, మా తమ్ముడి దగ్గర అది తిరగలేదు, అందుకని అడిగాను. డెన్మార్క్ నుంచి వచ్చిన ముసలావిడ, వాడి పేరు కూడా తెలీనావిడ, హెల్మెట్ తీసి నిలబడింది. నువ్వు రెండేళ్ళు వాడితో ఒకే కంచంలో తిన్నావు. సమాధి చేసేరోజునా రాలేదు. ఇవాళా ఆగలేదు."

మనూసోస్ నీళ్ళ సీసా మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు. "దిగుడులో ముందువాడు ఆగితే వెనకవాళ్ళు గుద్దుకుంటారు."

"అబ్బో! ఎంత జాగ్రత్తో!"

అతను సైకిలు ఎత్తి భుజాన వేసుకుని, ఆమె పక్కనుంచి వెళ్ళిపోయాడు. పొడుగ్గా, ఎండకి కాలిపోయి, నిద్రలేని కళ్ళతో ఉన్న ఈ మనిషిని జన్మలో క్షమించకూడదని రోదాంథి ఆ రోజే నిర్ణయించుకుంది.

అసలు ఆమెకి ఈ వ్యాను ఎలా వచ్చిందో చెప్పాలి. తీతోస్‌కి నలభై రోజుల ప్రార్థన అయిన మర్నాడు యజమాని పాంతెలిస్ ఇంటికొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "కుర్రాడు స్పీడుగా దిగాడమ్మా, కంకర మీద జారాడు, అక్కడికక్కడే పోయాడు. నా సొంత బిడ్డ పోయినట్టుంది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వ్యాను తాళాలు బల్ల మీద పెట్టాడు. తమ్ముడు పోయిన ఇంట్లో అక్కకి ఉద్యోగం. ఊరంతా దాన్ని దయ అంది. నోరు మూయించడానికి ఈ లోకంలో దయకన్నా మంచి గుడ్డ లేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. "తమ్ముడి కోసం వేసుకున్న నల్ల బట్టలు పనిలో వద్దమ్మా. వాళ్ళు సెలవుకొచ్చినోళ్ళు. వాళ్ళకి చావు చూపించకూడదు."

రోదాంథి కంపెనీవాళ్ళ నారింజ రంగు చొక్కా వేసుకుంది. కింద నల్లదే వేసుకుంది. పొట్టి చేతుల్లోంచి పొడుగు నల్ల చేతులు బయటికి కనబడేవి. ఎవడేం చేస్తాడో చేసుకోనీ.

రెండో బృందం వచ్చినప్పుడు ఆమెకి సీటు మీద ఒక కాగితం దొరికింది. గైడు తన డ్రైవరుకి దారి రాసివ్వడం ఈ పనిలో మామూలే. కానీ ఇలా ఎవరూ రాయరు.

"ఏడో కిలోమీటరు: మేకలు. వాటికి హారన్ అర్థం కాదు, తిట్లు అర్థమవుతాయి, నీకు పనికొస్తుంది. పదకొండు: గుంత. పద్నాలుగు: బేకరీ. వేడి రొట్టె వాసనకి కళ్ళు మూసుకోకు, రోడ్డు వంకర."

"ఇదేంటి, ప్రేమలేఖా?" అని కాగితం అతని ముక్కు ముందు ఊపింది.

"మేకల గురించి."

"మేకలకి రాశావా, నాకు రాశావా?"

"మేకలు చదవవు కదా" అన్నాడు అతను, నవ్వకుండా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

గోర్తీనా దగ్గర వాన పట్టుకుంది. సెలవు జనం కేకలేస్తూ పాత చర్చి గోడ చాటుకి పరిగెత్తారు. రోదాంథి వ్యాను వెనక తలుపు పైకెత్తి, దాని కింద నిలబడి వాళ్ళ మధ్యాహ్నం తిండి కోసం టమాటాలు తరుగుతోంది. మనూసోస్ నిండా తడిసి వచ్చి, ఆ తలుపు కిందే, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. సగం మనిషి వానలోనే ఉన్నాడు.

"లోపలికి జరుగు. కరవను."

జరిగాడు. ఆమె ఒక బార్లీ రొట్టెముక్క మీద టమాటా, తెల్ల జున్ను పెట్టి చేతిలో పెట్టింది.

"పోయినసారి ఫెస్తోస్ మెట్ల మీద రాజు పట్టాభిషేకం చేసుకున్నాడని ఒకరికి చెప్పావు. అవే మెట్ల మీద రాణి ఎద్దు ఆట చూసిందని ఇంకొకరికి చెప్పావు. ఏది నిజం?"

"ఎవరికి తెలుసు? అడిగినోళ్ళని బట్టి చెప్తా."

"సిగ్గు లేదూ అబద్ధాలు చెప్పడానికి?"

"పోయినోళ్ళు లేచొచ్చి కేసు పెడతారా?"

అనేసి, నోట్లో ముద్ద అలాగే ఆపేశాడు. ఆమెకేమీ అర్థం కాలేదు. తన తమ్ముడు గుర్తొచ్చి బాధపడ్డాడనుకుంది. మొదటిసారిగా అతని మీద జాలేసింది. జాలితో ఆగితే బాగుండేది. అతని కనురెప్ప మీద ఆగిన చినుకు రాలేదాకా చూస్తూ నిలబడిపోయింది.

అయినా మూడు రోజుల తర్వాత, ఆ డబ్బా దగ్గర అతను మళ్ళీ ఆగలేదు.

"నీ గురించి మంచిగా అనుకుందామంటే ఒక్క పూట అనుకోనివ్వవు కదా!" అంది రోదాంథి. ఈసారి గొంతులో కోపంకన్నా ఏడుపు ఎక్కువుంది. అతనూ అది విన్నాడు. "నా గురించి మంచిగా అనుకోకు" అన్నాడు.

మే నెలలో మూడో బృందం. జారోస్ నుంచి బయల్దేరే పొద్దున ఆమె కాగితం విప్పింది. మేకలు ఉన్నాయి. గుంతలు ఉన్నాయి. ముగ్గురు ముసలాళ్ళు కుర్చీలు రోడ్డు మీదికి జరిపే కాఫీకొట్టు ఉంది. దిగుడు దగ్గరికొచ్చేసరికి కాగితం ఖాళీ. ఆరు కిలోమీటర్లు, ఒక్క అక్షరం లేదు. పోయినసారి కాగితం కూడా తీసి చూసింది. దాంట్లోనూ అదే ఖాళీ. ద్వీపం మొత్తంలో గులకరాయి కూడా వదలని మనిషి, అన్నిటికన్నా చెడ్డ దిగుడుని వదిలేశాడు.

ఎప్పుడూ వ్యాను అందరికన్నా చివర వెళ్తుంది. ఆ రోజు ఒక జర్మన్ ఆయనకి కాలి పిక్క పట్టేసింది. ఆయన్ని ఎక్కించుకున్న వంకతో రోదాంథి అందరినీ దాటి ముందుకు పోనిచ్చింది.

డబ్బాకి చాలా పైన, నిటారు దిగుడు మధ్యలో ఒక మలుపు ఉంది. అక్కడ సైకిలు నేల మీద పడుంది. మనూసోస్ మోకాళ్ళ మీద ఉన్నాడు. మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుని, వంగిపోయిన ఇనప కంచెకి నుదురు ఆనించాడు. అక్కడ డబ్బా లేదు, దీపం లేదు.

"అతనికి ఒంట్లో బాగా లేదా?" అన్నాడు జర్మన్ ఆయన.

"లేదండీ" అంది రోదాంథి. "చాలా రోజుల్నుంచి బాగా లేనట్టుంది."

ఆమె అక్కడ ఆపలేదు. ఫెస్తోస్‌లో జనం పెద్ద రాతి మెట్ల మీద కూర్చున్నాక తనూ ముందు వరసలో కూర్చుంది. మనూసోస్ రాజు గురించి మొదలుపెట్టబోయాడు. ఆమె బడిపిల్లలా చెయ్యెత్తి, వాళ్ళకి అర్థం కాని గ్రీకులో అడిగింది.

"గైడుగారూ, ఒక సందేహం. మనిషి పోయిన చోటే కదా డబ్బా పెడతారు? మేము తప్పుచోట పెట్టామా?"

అతని నోరు తెరుచుకుంది. రాజు రాలేదు, రాణి రాలేదు. చివరికి జనంతో "మీరే అరగంట తిరిగి చూడండి" అన్నాడు. అందరూ లేచి వెళ్ళాక అదే మెట్టు మీద కూలబడ్డాడు.

"పై మలుపులో" అన్నాడు. "వాడు ముందు వెళ్ళాడు. బ్రేకు తీగ తెగింది. ఆ తీగ పోతుందని వారం ముందే ఇద్దరం పాంతెలిస్‌కి చెప్పాం. ఈ బృందం వెళ్ళాక మారుద్దాం అన్నాడు. నేను వెళ్ళేసరికి కంచె దగ్గర పడున్నాడు. బతికే ఉన్నాడు, రోదాంథీ. మాట్లాడాడు."

ఆమె లేచి అతని ఎదుట నిలబడింది.

"పాంతెలిస్ వెనకాల వ్యానులో వచ్చాడు. 'అంబులెన్సుకి నేను ఫోన్ చేస్తా, నువ్వు వెనక్కెళ్ళి జనాన్ని ఆలివ్ తోటల దారిలో తిప్పి తీసుకెళ్ళు, ఎవరి కంటా పడకూడదు' అన్నాడు. ఆ రోజు బృందంలో టూరిస్టులని పంపే ఏజెన్సీ ఆవిడ ఉంది, వచ్చే ఏడాది బుకింగులు మొత్తం ఆవిడ చేతిలో ఉన్నాయి. నేను వెళ్ళాను. ఇక్కడికే తీసుకొచ్చాను. ఈ మెట్ల మీదే నిలబడి పట్టాభిషేకం చెప్పాను. తిరిగి వెళ్ళేసరికి తీతోస్ కింది మలుపులో, కంకర పక్కన ఉన్నాడు. దుప్పటి కప్పి ఉంది. అంబులెన్సు అప్పుడే వచ్చింది. సైకిలుకి కొత్త తీగ ఉంది."

"కంకర మీద జారాడన్న పోలీసు కాగితం మీద నువ్వు సంతకం పెట్టావు."

"పెట్టాను. 'వదిలేసి వెళ్ళింది నువ్వే కదా' అన్నాడు పాంతెలిస్. అది నిజమే."

"బతికేవాడా?"

"తెలీదు."

"తెలీకుండా చేశారు" అంది రోదాంథి. "సెలవుకొచ్చినోళ్ళు చావు చూడకూడదని వాడి చావుని కిందకి మోసుకెళ్ళారు. మా అమ్మ ఏడు నెలల నుంచి ఉత్త కంకరకి దీపం పెడుతోంది!"

కొట్టాలనిపించింది. కొట్టింది కూడా, చెంప మీద, శక్తికొద్దీ. దూరంగా ఫొటోలు తీసుకుంటున్న జనం ఇటు తిరిగారు. తీసుకోనీ. ఇది కూడా ఈ ద్వీపమే.

తర్వాత, చేతిని చూసుకుంటూ, "పద" అంది. "అమ్మకి చెప్పు. నా నోటితో నేను చెప్పను."

ఇల్లు అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. జనాన్ని టిఫిను కొట్టులో కూర్చోబెట్టి, ఇద్దరూ వ్యానులో వెళ్ళారు. అమ్మ గారిఫాలియా వాకిట్లో చిక్కుళ్ళు వలుస్తోంది. మనూసోస్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె గింజలు వలవడం ఆపలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"చివర ఏమన్నాడు నాయనా?"

రోదాంథి అతని వంక చూసింది. ఇది ఆమె అడగలేదు, అడగడానికి భయపడింది. 'అమ్మని జాగ్రత్తగా చూసుకోమన్నాడు' అంటే సరిపోయేది. ఎవరు కాదంటారు?

మనూసోస్ గారిఫాలియా వైపే చూశాడు.

"'వెళ్ళకు' అన్నాడమ్మా. నా చొక్కా పట్టుకుని, 'మనూసోస్, వెళ్ళకు' అన్నాడు. నేను వేళ్ళు విడిపించుకుని వెళ్ళాను."

చిక్కుడుకాయ గారిఫాలియా చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మాట నువ్వు దాచుకుంటే మాకెవరికీ తెలిసేది కాదు" అంది ఆమె.

"అవునమ్మా."

"అయితే పోలీసులకీ ఆ మాటతో సహా చెప్పు. నీ తప్పు తగ్గించకు. ఆ పాంతెలిస్ తప్పు పెంచకు." కూతురి వైపు తిరిగింది. "నువ్వే బండిలో దింపు. నడిచి పోనిస్తే దారిలో బుర్ర పని చేస్తుంది."

"అమ్మా, క్షమించమని అడగను..."

"అడగకు. నా దగ్గర లేదది. చెప్పొచ్చాక ఈ వాకిట్లోకి రావచ్చు. అంతవరకే ఇవ్వగలను."

స్టేషన్‌లో కానిస్టేబులు పాంతెలిస్ పేరు వినగానే కుర్చీలో సర్దుకున్నాడు. "సారు భోజనానికెళ్ళారు. రేపు రండి."

"కూర్చుంటాం" అంది రోదాంథి.

"ఎంతసేపు?"

"సారుగారి కడుపు ఎంత పెద్దదో మాకు తెలీదు కదా."

బయట బల్ల మీద కూర్చున్నారు. పాంతెలిస్ నుంచి రోదాంథికి ఫోన్ మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ మోగితే రోదాంథి ఎత్తి, "నీ వ్యాను పోలీస్ స్టేషన్ ముందుంది, నీ జనం టిఫిను కొట్టులో ఉన్నారు, వాళ్ళని నువ్వే తిప్పుకో" అని పెట్టేసింది. నారింజ చొక్కా తల మీంచి లాగి, మడిచి, బల్ల చివర పెట్టింది. ఆమె ఇప్పుడు మొత్తం నలుపులో ఉంది.

"నువ్వు వెళ్ళు" అన్నాడు మనూసోస్. "ఇది నా పని. జైలు కూడా పడొచ్చు. నాతోపాటు నువ్వెందుకు?"

"నోర్ముయ్."

"నీకొక మాట చెప్పాలనుకున్నాను. ఆ వాన రోజునుంచీ. ఇప్పుడు చెప్పే మొహం లేదు."

"లేదు" అంది ఆమె. రోడ్డు వైపే చూస్తూ ఉంది. చెంప మీద తన అయిదు వేళ్ళూ ఇంకా ఎర్రగానే ఉన్నాయని చూడకుండానే తెలుసు. "ముందు లోపల చెప్పాల్సింది చెప్పు. ఒక్క అక్షరం మింగినా నాకు తెలుస్తుంది. ఆ తర్వాత బయటికొచ్చి ఆ రెండోది చెప్పు. వింటాను. ఏమంటానో నాకూ తెలీదు. వింటాను, అంతే."

తలుపు తెరుచుకుంది. "మనూసోస్ ఎవరు?"

అతను లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి చూశాడు.

"చూస్తావేంటి? పో. వెళ్ళిపోయేదాన్ని కాదు నేను."

అతను లోపలికి వెళ్ళాడు. గోడ అవతల అతని గొంతు, మొదట సన్నగా, తర్వాత గట్టిగా, తీతోస్ పేరు పలికింది. రోదాంథి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని అక్కడే కూర్చుంది.