పెద్దమనిషి కాని తులసి

"దీపాలు ఆర్పేయండి" అంది సహస్ర.

రాళ్లకాలనీ కమ్యూనిటీ హాలు చీకటైపోయింది. చాపల మీద కూర్చున్న జనంలో ఒకరి తర్వాత ఒకరు దగ్గుతున్నారు. పలకల గనుల ఊరది. గనులు మూతబడి ఏళ్లు గడిచినా, వాటి దుమ్ము మాత్రం అప్పట్లో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లోనే కాపురం పెట్టింది. సౌజన్య తన భర్త మణికంఠ వీపు మీద చెయ్యేసి నిమురుతూ కూర్చుంది. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటే గాని అతనికి మూడో మాట రాదు.

బల్ల మీద కుట్టుమిషనంత పెట్టె ఒకటి ఉంది. పక్కన కుండీలో తులసి మొక్క. సహస్ర మొక్కల సైంటిస్టు, కాలనీకి డాక్టరమ్మ. అందరినీ అత్తా, మావయ్యా అని వరసలు కలిపి పిలుస్తుంది. ఒక కొమ్మను మెల్లగా వంచి, ఆకుని తెంపకుండానే పెట్టె అద్దం కిందకి జరిపింది. ఎదురుగా తెల్లగోడ మీద ఆకు పరుచుకుంది, చేనంత ఆకు. గళ్లుగళ్లుగా మళ్లు, మళ్ల మధ్య కాలవలు. ఆ మళ్లన్నిటిలో లెక్కలేనన్ని సన్నటి మెరుపులు కదులుతున్నాయి.

దగ్గులు ఆగిపోయాయి. సౌజన్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. రోజూ కోట చుట్టూ తిరిగి మొక్కే తులసమ్మలో ఇంత సందడి ఉందా!

"ఒక్కో మడి ఒక్కో కణం. ప్రతి కణంలోనూ జీన్స్ ఉంటాయి. ఏ వంట ఎట్లా చెయ్యాలో రాసున్న పుస్తకం అనుకోండి" అని చెప్పసాగింది సహస్ర. "ఆ పుస్తకం కణంలో తన గది దాటి రాదు. కావలసిన వంట ఒక చీటీ మీద ఎక్కి వంటింటికి పోతుంది. ఆ చీటీ పేరు ఆర్‌ఎన్‌ఏ. చీటీ అందితే వంట అవుతుంది. దాన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ అంటాం. ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఈ మెరుపులు చిన్న ఆర్‌ఎన్‌ఏలు. వీటికి వంట రాదు. దారికాచి, తమకి సరిపడ్డ చీటీని పట్టుకుని చింపేస్తాయి."

"మా అత్తలాగే!" అంది వెనకనుంచి మౌనిక. పేరుకే మౌనిక, కాలనీలో ఆమె నోటికి ఎదురులేదు. హాలంతా నవ్వింది.

"ఇంచుమించు అంతే" అని సహస్ర కూడా నవ్వింది. "మొక్క చిన్నప్పుడు ఈ రకం బోలెడన్ని ఉంటాయి. 'పెద్దదానివై పూత పుయ్యి' అని చెప్పే చీటీలని చింపేస్తుంటాయి. వయసొచ్చేకొద్దీ ఇవి తగ్గిపోతాయి, మొక్క ఈడేరి పూలవెన్ను వేస్తుంది. మేము పెంచిన ఈ తులసి, చిన్నతనంలో ఉన్నన్నాళ్లే మీ ఊపిరితిత్తుల్లో దుమ్ముని కరిగించే మందు తయారుచేస్తుంది. పూతకొస్తే ఆపేస్తుంది. అందుకని ఈ మెరుపులు తగ్గకుండా చేశాం. ఇదెప్పటికీ చిన్నపిల్లే."

"ఎప్పటికీనా?" అంది మౌనిక.

"ఎప్పటికీ!" అంది సహస్ర మురిసిపోతూ, అద్దం కింది ఆకు కొస గిల్లింది. గోడ మీద ఆ తుంపిన చోటునుంచి వెలుగు జల్లుమని ఆకంతా పాకింది. "అయ్యో!" అంది హాలు హాలంతా.

ఇంటికో కుండీ ఇచ్చారు. పరగడుపున రెండేసి ఆకులు నమలమన్నారు. సౌజన్య ఇంట్లో వానాకాలం ముగిసేసరికి ఆ ఆకు మహిమ తెలిసొచ్చింది. మణికంఠ తనంతట తాను టీకొట్టు దాకా నడిచి వెళ్లొచ్చాడు. వచ్చి, పప్పులో ఉప్పెక్కువైందని మొదలుపెట్టి ఆమె పుట్టింటివాళ్ల దాకా ఆగకుండా తిట్టాడు. ఆ తిట్లు వింటూ సౌజన్య పొయ్యి దగ్గర నవ్వు ఆపుకోలేకపోయింది.

దసరా వెళ్లాక ఆడవాళ్లంతా సౌజన్య అరుగు మీద చేరారు. క్షీరాబ్ది ద్వాదశికి తులసికీ ఉసిరికీ పెళ్లి చెయ్యాలి. ఎవరింట్లో చేద్దామన్నది మాట.

"ఎవరింట్లోనూ కుదరదు" అంది మౌనిక. "పెద్దమనిషి కాని పిల్లకి పెళ్లేంది? పేపర్లో వేస్తారు మనల్ని."

"మొక్కకి వయసేంది వదినా!" అంది సౌజన్య.

"నేనన్నానా? డాక్టరమ్మే గదా చెప్పింది, ఎప్పటికీ చిన్నపిల్లేనని. గోడ మీద నువ్వూ చూశావు. ఆకు గిల్లితే ఒళ్లంతా ఎట్టా జలదరించిందో చూళ్లేదూ?"

అంతే. పెళ్లి మాట అక్కడే ఆగింది గాని, పిల్ల మాట ఆగలేదు. ఒకరు కుండీకి చిన్నగాజులు తొడిగారు. ఒకరు దిష్టిచుక్క పెట్టారు. చలి పెరిగిందని సాయంత్రమయ్యేసరికి కుండీలని ఇళ్లలోకి తెచ్చుకోసాగారు. పసిదాని ఒంటిమీద ఆకు ఎట్టా తెంపుతామని కోయడం మానేశారు. ఆకులు గుబురుగా పెరిగాయి. దగ్గులు కూడా మళ్లీ పెరిగాయి.

సౌజన్య మాత్రం మానలేదు. ఒకనాడు తెల్లారి గోడ పక్కన వంగి ఆకు తుంచుతుంటే మౌనిక చూడనే చూసింది.

"గిల్లు, గిల్లు. నీ మొగుడి ఊపిరికి ఆ పసిగుడ్డు బలి."

"నీ మొగుడికి దగ్గు లేదు, నీకేం? ఎన్ని నీతులైనా చెప్తావు!"

ఈ గొడవ సహస్ర చెవిన పడింది. పెట్టెతో సహా సౌజన్య ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"చిన్నపిల్లన్నది మీకు అర్థమవ్వాలని చెప్పిన మాట అత్తా! మొక్కకి బాధ తెలీదు."

"చిన్నతనమన్నది అబద్ధమా?" అనడిగాడు మణికంఠ, మంచం మీదనుంచి.

సహస్రకి అబద్ధం చెప్పడం చేతకాలేదు. "నిజమే మావయ్యా. అది మొక్కకి బాల్య దశే."

"అయితే విను. నేను బడి మానేసి గనిలో దిగేనాటికి నిక్కరు జారిపోకుండా మొలతాడుకి దోపుకునేవాణ్ణి, చిన్న చేతులైతే పలక పగలకుండా చీలుస్తాయని మేస్త్రీ మమ్మల్ని ఏరి ఏరి తీసుకునేవాడు, చేతులు పెద్దవైతే పనికిరామని మాలో కొందరు అన్నం కూడా తగ్గించి తినేవాళ్లు. పెరగనివ్వకుండా పిల్లల చేత పని చేయించుకోవడమంటే ఏందో నాకు తెలుసు. నాకీ ఆకు వద్దు."

ఇంత మాట ఎక్కడా ఆగకుండా చెప్పాడు. అంత ఊపిరి ఇచ్చింది ఆ ఆకే, ఆ ఊపిరితోనే దాన్ని వద్దంటున్నాడు.

"ఆయన మాట వినొద్దు డాక్టరమ్మా!" అంది సౌజన్య.

సహస్ర తలొంచుకుంది. "ఆ మెరుపులని తగ్గించే చుక్కలు నా దగ్గరున్నాయి. వేస్తే మామూలు తులసిలాగా పెరుగుతుంది, మందు పోతుంది. కానీ కుండీ మీ పేరున ఉంది అత్తా. మీరు వెయ్యమంటే తప్ప వెయ్యను."

సౌజన్య పెట్టె ముందు కూర్చుంది. ఈసారి ఆకు వంటింటి గోడ మీద వెలిగింది. అవే మళ్లు, అవే మెరుపులు. చూసేకొద్దీ ఇంకా లోతుగా కనబడుతోంది. ఒకచోట మసకగా నూలుపోగులాంటిది బయల్దేరింది. మెరుపు వచ్చి వాలింది. పోగు రెండైంది. పక్కనే ఇంకోటి బయల్దేరింది.

"ఆ పోగులేంది?"

"అవే చీటీలు. పూత పుయ్యమని చెప్పేవి."

"చింపేస్తున్నా మళ్లీ రాస్తోందే!"

"రాస్తూనే ఉంటుంది. మేము చింపడం ఆగకుండా చేశాం, అంతే. రాయడం దాని పని."

"అంటే ఇది ఇన్నాళ్లూ పూయాలనే చూస్తోందా?"

ఏళ్ల తరబడి ఆ వెలుగులని చూసిన సహస్ర, చీటీల వైపునుంచి ఎప్పుడూ చూడలేదు. గోడకి దగ్గరగా జరిగి ఆమె కూడా చూస్తూ ఉండిపోయింది. పోగు, మెరుపు. పోగు, మెరుపు.

సౌజన్య చెయ్యి చాపింది. "ఇటివ్వు. నేనే వేస్తా."

చుక్కలు పడ్డాక మెరుపులు పలచబడ్డాయి. ద్వాదశి నాటికి కొమ్మ చివర్లన్నిటా ఊదారంగు వెన్నులు లేచాయి. ఆ సాయంత్రం కాలనీ అంతా సౌజన్య వాకిట్లోనే ఉంది. కుండీని తులసికోట మీద పెట్టి, పక్కన ఉసిరికొమ్మ తెచ్చి నిలబెట్టారు. తమ తమ చిన్నపిల్లల కుండీలని చంకన పెట్టుకుని ఆడవాళ్లు వరసగా సహస్ర చుట్టూ చేరారు.

"మా దానిక్కూడా ఆ చుక్కలెయ్యి తల్లీ. ఎన్నాళ్లని ఇంట్లో పెట్టుకుంటాం?"

ఎదగనివ్వని మందు కోసం సగం వయసు ధారపోసిన సహస్ర, ఆ పూట నేలమీద గొంతుక్కూర్చుని ఒక్కో కుండీలో ఎదిగే మందు వేసింది. చుట్టూ దగ్గులు వినబడుతున్నాయి. వద్దని ఒక్కరూ అనలేదు.

"పిల్లనిచ్చేవాళ్లు ముందుకు రావాలి. నోరు తెరిచి ఇస్తున్నామని చెప్పాలి" అని కేకేసింది మౌనిక.

మణికంఠ లేచాడు. ఆకు మానేసి అప్పటికి చాలా రోజులైంది. కోట మీద చెయ్యి ఆనించాడు.

"మా ఇంటి పిల్లని..." అని ఆగాడు. రొమ్ము ఎగిసిపడింది. ఇంకోసారి గాలి పీల్చాడు. మాట రాలేదు.

"మా ఇంటి పిల్లని ఇస్తున్నాం" అంది సౌజన్య, అతని పక్కకి వచ్చి నిలబడి.

మేళం మోగింది. ఆమె గుప్పెడు అక్షింతలు తీసి తులసి మీద కొన్ని వేసి, మిగిలినవన్నీ మొగుడి నెత్తిన పోసింది.