తొందరపడిన విజిల్

విజిల్ ఊదిన మరుక్షణమే రెనాటాకు అర్థమైపోయింది, కొంప మునిగిందని.

అది అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్, ఆమె రెఫరీ. హార్విక్ కాలేజీ కుర్రాడొకడు బంతిని చంకలో ఇరికించుకున్నట్టు వంగి పరుగెత్తాడు. అవతలి జట్టంతా అతని మీద పడింది. ఆ కుప్పను చూసి ఆట ఆగిందనుకుని ఆమె విజిల్ ఊదింది. తీరా చూస్తే బంతి అక్కడ లేదు. దాన్ని తొడ వెనక దాచుకున్న హార్విక్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందించి ఆట నడిపే కుర్రాడు, మైదానం ఇంకో వైపు నుంచి హాయిగా చివరి గీత దాటేశాడు. దాటి ఏం లాభం? రెఫరీ విజిల్ మోగాక ఆట ఆగినట్టే లెక్క. జారిన మాటనైనా ఎలాగో సర్దుకోవచ్చు గానీ ఊదిన విజిల్‌ను వెనక్కి పీల్చుకోలేం.

గీత అవతల నుంచి హార్విక్ కుర్ర కోచ్ నోలన్ దూసుకొచ్చాడు. ఆ ఎత్తు వేసింది అతనే. కోపంతో అతని చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"రెఫరీ గారూ, ఈ ఒక్క ఆట కోసం ఏడాదంతా కష్టపడ్డాం. మోసపోవాల్సింది వాళ్ళు. మీరు కాదు."

"తప్పు నాదే, కోచ్," అంది రెనాటా. "తొందరపడి ఊదేశాను. కానీ రూల్ ప్రకారం ఆ పాయింట్లు ఇవ్వలేను."

రెఫరీ నోట "తప్పు నాదే" అన్న మాట నోలన్ పుట్టాక వినలేదు. తిట్టడానికి వచ్చినవాడు వెనక్కి తిరిగి గీత అవతలికి నడిచాడు. ఆ రోజు హార్విక్ ఓడింది. లీగ్ టైటిల్ కూడా పోయింది.

కుండకు మూకుడు పెట్టగలం గానీ లోకుల నోటికి పెట్టగలమా? వారంలో ఐదు రోజులు రెనాటా ట్రాక్టర్ విడిభాగాల కొట్టులో పనిచేస్తుంది. అయోవా రాష్ట్రంలో ఆ జిల్లా రైతులంతా అక్కడికి రావలసిందే. బేరింగ్ చేతికివ్వగానే ఇది నిజంగా బేరింగేనా, లేక అసలుది వేరేవాడి చేతిలో ఉందా అని ఒకాయన అడిగాడు. అందరూ నవ్వారు. రెనాటా కూడా నవ్వి, ఇంటికెళ్ళి ఏడ్చింది.

లీగ్‌లో ఏ మ్యాచ్‌కు ఏ రెఫరీ వెళ్ళాలో నిర్ణయించే పెద్దాయన గ్లెన్. వచ్చే ఏడాది హైస్కూలు ఆటలు చూసుకోమని, గాలి మళ్ళాక చూద్దామని ఆయన మెత్తగా చెప్పాడు. రెనాటా ఒప్పుకోలేదు. తనకు హార్విక్ మ్యాచే కావాలంది, అదీ వాళ్ళ మైదానంలోనే. వాళ్ళు నిన్ను పచ్చిగా నమిలేస్తారమ్మా అన్నాడాయన. నమలనివ్వండి, నేను అరగను అంది. ముందు జట్ల ప్రాక్టీసు ఆటల్లో రెఫరీగా రాణిస్తే ఆలోచిస్తానని ఆయన మాట ఇచ్చాడు.

మంచు కరిగిన తర్వాత హార్విక్ ప్రాక్టీసు మొదలైంది. మొదటి రోజే రెఫరీల చారల చొక్కాతో గేటు దగ్గర నిలబడిన రెనాటాను చూసి నోలన్ నిర్ఘాంతపోయాడు.

"క్షమాపణ చెప్పడానికొచ్చారా?"

"అది ఆ రోజే అయిపోయింది. ఇవాళ పనిమీదొచ్చాను. ఆ ఎత్తే మళ్ళీ మళ్ళీ వెయ్యండి. నేను మోసపోవడం మానేదాకా వెయ్యండి."

"మా రహస్యం మీకెందుకు నేర్పాలి?"

"నేర్పకపోతే మళ్ళీ మీకే నష్టం కాబట్టి."

నోలన్ గేటు తీశాడు.

కుర్రాళ్ళకు అంతకంటే పండగ ఏముంది? ఆమెను ఏమార్చడమే పనిగా పెట్టుకున్నారు. మొదట్లో ప్రతిసారీ ఏమారింది. ఆమె చూపు గోల ఉన్నచోటికి పోతోందని నోలన్ కనిపెట్టాడు. కుప్పను చూడొద్దని, బంతి తోలు కంటపడేదాకా విజిల్ పెదవికి తగలనివ్వొద్దని చెప్పాడు. ఎగతాళిగా మొదలుపెట్టిన మనిషి వారం తిరక్కుండానే గొంతు తగ్గించి చెప్పసాగాడు. బురదలో పడి లేచినా పట్టు వదలని ఆ పిల్లను చూస్తుంటే అతని కోపం ఎటుపోయిందో అతనికే తెలియలేదు. క్రమంగా అతని ఎత్తులు ఆమె ముందు పారడం మానేశాయి.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన కురిసింది. ఇద్దరూ సామాను షెడ్డు చూరు కింద ఇరుకుగా నిలబడ్డారు. ఆమె కనురెప్ప మీద ఒక చినుకు నిలిచింది. దాన్ని తుడవాలని నోలన్ చెయ్యి ఉబలాటపడింది గానీ బుద్ధిగా జేబులోకి వెళ్ళింది.

"రేపు భోజనానికి వస్తారా?" అన్నాడు.

రెనాటా విజిల్‌ను జేబులో వేసుకుంది. "మీ మ్యాచ్‌లో నేను నిలబడాలి. అది అయ్యేవరకు మీతో కాఫీ కూడా తాగను."

"అయ్యాక?"

ఆమె తడుస్తూనే కారు దగ్గరికి వెళ్ళిపోయింది. అతను ఇంకోసారి అడిగితే సరేననేస్తానని ఆమెకు తెలుసు. అందుకే మర్నాటి నుంచి ప్రాక్టీసుకు రాలేదు. గ్లెన్‌కు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పేసింది.

"కోచ్‌లు రెఫరీలని నరకానికి పొమ్మనడం విన్నాను గానీ, భోజనానికి రమ్మనడం ఇదే వినడం," అన్నాడాయన. "కాదన్నావుగా, ఇంకేం? మ్యాచ్ నీదే."

వేసవిలో నోలన్ ఒకసారి కొట్టుకొచ్చి గడ్డికోత యంత్రానికి బెల్టు అడిగాడు. అతనుండేది మూడో అంతస్తులో. గడ్డి పరక కూడా లేదు. రెనాటా నవ్వు ఆపుకుని ఏ సైజు అని అడిగింది. అతను నీళ్ళు నమిలి ఏదైనా పర్లేదన్నాడు. బెల్టు తీసుకుని భోజనం ఊసెత్తకుండా వెళ్ళాడు. ఆ ఊసెత్తకపోవడమే ఆమెకు నచ్చింది.

అక్టోబరు శనివారం. ఈసారీ టైటిల్ ఆ మ్యాచ్ మీదే ఆధారపడింది. స్టాండ్లలో నిలబడ్డానికి చోటు లేదు. ఆట ముగుస్తుందనగా హార్విక్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. క్వార్టర్‌బ్యాక్ చివరి గీత అవతలి మూలకు విసిరిన బంతిని పొడుగు కుర్రాడొకడు గాల్లో అందుకుని కింద పడ్డాడు. ఆరు పాయింట్లు, గెలుపే అని జనం పిచ్చెత్తినట్టు లేచారు.

రెనాటా అక్కడే ఉంది. బంతి కన్నా ముందు ఆ కుర్రాడి కాలును చూసింది. అది మైదానం అంచు తెల్లగీత మీద పడింది. ఆమె రెండు చేతులూ అడ్డంగా ఊపింది. చెల్లదు.

మళ్ళీ ఈవిడేనా అని స్టేడియం ఊళ వేసింది. హెడ్ కోచ్ బ్రాంట్ టోపీ నేలకేసి కొట్టి, ఆ మూలకు దగ్గరగా ఉన్న నోలన్ వైపు తిరిగాడు.

"నువ్వు చూశావుగా. చెప్పు ఆవిడకి."

నోలన్‌కు ఏడాది కష్టం కళ్ళముందు కదిలింది. "కాలు గీత మీద పడింది, కోచ్."

"నువ్వు ఎవరి వైపు?"

"మన వైపే. కానీ కాలు గీత మీదే పడింది."

రెనాటా ఆ మాట విన్నది. తల తిప్పలేదు. మిగిలిన చివరి ప్రయత్నానికి తన చోటుకు నడిచింది. హార్విక్ ఆ ప్రయత్నంలోనూ చివరి గీత దాటలేక ఓడిపోయింది.

ఎండ ఇంకా ఉండగానే ఆమె పార్కింగ్‌కు వచ్చింది. గ్లెన్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. దూరం నుంచి ఎవరో కళ్ళద్దాలు పెట్టుకోమని అరుస్తున్నారు. వాళ్ళను దాటుకుంటూ నోలన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఓడిన ముఖం వాడిపోయి ఉంది.

వచ్చే ఏడాదీ ఈ మైదానం నీదేనని గ్లెన్ గర్వంగా ప్రకటించాడు.

"వద్దండి," అంది రెనాటా. "ఇకమీదట హార్విక్ మ్యాచ్‌లు నాకు వెయ్యకండి."

ఆయన తెల్లబోయాడు. "ఏడాదిపాటు దీనికోసమేగా నా ప్రాణం తీశావు. ఇప్పుడు భయమేసిందా?"

"లేదు. వాళ్ళ కోచ్ అంటే నాకిష్టం. ఇక ఈ జట్టుకి నేను న్యాయం చెప్పకూడదు."

నోలన్ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. తనకింకా ఏమీ చెప్పలేదు కదా అని గొణిగాడు.

"పెద్దాయనకి ముందు చెప్పాలి," అంది రెనాటా. "రూలు. ఇప్పుడు నీకు చెప్తున్నాను."