సైగ చెయ్యకముందే

"దానికి కంచం పెట్టకు! దాంతో కలిసి నేను తినను!"

ఎగోన్ అరుపుకి గెర్లిండా చేతిలోని గరిటె సూప్ గిన్నెలోకి జారిపోయింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచగా ఆమె వినలేదు. ఉన్న ఊపిరంతా తాను ఊదే ఇత్తడి వాద్యం హార్న్‌కే దాచుకునే మనిషి... మధ్యాహ్నపు కచేరీ ముగించుకుని తండ్రీకూతుళ్లు ఒకే ట్రాములో, చెరో చివర కూర్చుని వచ్చారు!

ఊరి ఆర్కెస్ట్రాలో హార్న్ ఊదేవాళ్లలో ఎగోన్ మొదటివాడు. పక్క కుర్చీలో కూతురు వీబ్కె. బిగ్గరగా ఊదాల్సిన చోట్ల తాను ఊది, ఒక్కరే ఊదాల్సిన సోలో వచ్చేసరికి తండ్రి పెదవి అలిసిపోకుండా కాయడం ఆమె పని. సోలో మాత్రం మొదటివాడి సొత్తు. ఆయన తల ఊపి సైగ చేస్తేనే పక్కవాళ్లు అందుకోవాలి. ఇవాళ ఆయన సైగ చెయ్యలేదు! పెదవి వణకడం చూసి, స్వరం విరగబోయే ముందే వీబ్కె అందుకుంది. సభలో ఎవరికీ తెలియలేదు. తోటి వాద్యకారులు తమ ఆనవాయితీ ప్రకారం నేలకు బూట్లు రాసి మెచ్చుకున్నారు. తనది కాని స్వరానికి దక్కిన ఆ మెప్పే ఆయన్ని నిలువునా కోసేసింది!

"విరిగితే విరిగేది! విరిగినా అది నా స్వరం కదే!"

"అంతమంది ముందు మీరు పడిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను నాన్నా..."

"పడితే లేస్తాను. నా కాళ్లే నావి కాకుండా చేశావు!"

వీబ్కె తలుపుకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. గెర్లిండా ఇక ఆగలేకపోయింది.

"సూప్ చల్లారింది గానీ మీ పౌరుషం చల్లారదేం? దాన్నేమీ అనకండి... నేనే చెప్పాను! రోజూ పొద్దున్నే మీరు సాధన చేస్తుంటే ఈ పొయ్యి దగ్గర నిలబడి వింటున్నదాన్ని. చలికాలం మొదలైందగ్గర్నుంచీ ఆ పొడుగు స్వరం చివర బీటలు వారుతోంది. 'నాన్న జారితే పట్టుకోవే' అని దానిచేత ఒట్టు వేయించుకున్నాను!"

ఎగోన్ బల్ల ముందు కూలబడ్డాడు.

"నీకు తెలుసా?... దాచాననుకున్నానే! ఇదే ఆఖరి కచేరీ గెర్లిండా. రేపు మానేస్తున్నానని చెప్పేసేవాణ్ణి. బాగున్నా బాగోకున్నా ఆ ఒక్క సోలో నా నోటితోనే ముగిద్దామనుకున్నాను. ముందే చెబితే మీరిద్దరూ ఏడుస్తారని..."

ఒకరి కన్నీళ్లకు ఒకరు భయపడి ఎంత పని చేసుకున్నారు! జరిగిన కచేరీని వెనక్కి పిలిచేదెవరు?

ఆయన తలెత్తి కూతుర్ని చూశాడు.

"అందుకునేటప్పుడు ఊపిరి ఎక్కడ తీశావే? నాకు వినబడలేదు."

"తీయలేదు నాన్నా. తీస్తే అతుకు తెలిసిపోతుందని... ఉన్నదాంతోనే లాగించేశాను. కళ్లకు చీకట్లు కమ్మాయి."

"పిచ్చి మొద్దూ! పడిపోతే?"

"మీ ఒళ్లోనే కదా పడేది!"

ఎగోన్ రెండు చేతులూ చాచాడు. కూతురు వచ్చి మోకాళ్లమీద వాలిపోయింది. ఆ జుట్టు నిమురుతూ, "రేపట్నుంచి నా కుర్చీ నీదే తల్లీ," అన్నాడు. "ఒక్క మాట గుర్తుంచుకో. పక్కన ఎంత ప్రేమగలవాళ్లున్నా సరే... నువ్వు అడగందే నీ స్వరాన్ని ముట్టుకోనివ్వకు."

ఆమెను ఊరడించడానికి నవ్వబోయాడు. ఆ నవ్వుకి కూడా పెదవి వణికింది.