నాలుకకి అంటిన రాయి

ఒకే ఇంట మెట్టిన తోడికోడళ్లిద్దరికీ మ్యూజియం వెనక గదిలో ఒకటే పని. రాళ్లలో ఇరుక్కున్న ఆదికాలపు చేపల్ని సూదులతో, కుంచెలతో బయటికి తీయడం. ఆ మధ్యాహ్నం పెద్దామె బల్ల మీదికి దవడల్లేని చేప వచ్చింది. మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే దాని జాతంతా అంతరించిపోయింది. తల మీద డాలులాంటి పెంకు, కింద నోటికి బదులు గుండ్రటి బెజ్జం.

"దీనికి కొరకడం తెలీదే. పీల్చుకోవడమే," అంది పెద్దామె.

ఎముకేదో రాయేదో తేలక, అలవాటు కొద్దీ దాన్ని నాకింది. ఎముకైతే నాలుకకి అంటుకుంటుంది, ఉత్త రాయైతే అంటదు.

"ఛీ, అక్కా! నా వంట రుచి చూడమంటే సవాలక్ష వంకలు పెడతావు, దీన్ని మాత్రం..." అంటూ చిన్నామె మొహం తిప్పుకుంది.

తిరిగి చూస్తే పెద్దామె రాయిని రెండు చేతులా పట్టి లాగుతోంది. నాలుక సాగుతోంది. రాయి వదలట్లేదు.

చిన్నామె పరిగెత్తి పట్టుకుంది. రాయి చల్లగా లేదు... నోట్లో చిగుళ్లలా మెత్తగా, వెచ్చగా, తడిగా ఉంది. కుళ్లిన నీచు వాసన గుప్పుమంది. ఇద్దరూ కలిసి గుంజితే చప్పుమని ఊడింది. చీమిడిలాంటి జిగురు తీగ సాగి సాగి తెగి, చిన్నామె ముంజేతి మీద పడింది. ఆమె అక్కడే కక్కుకుంది.

సాయంత్రం ఇంట్లో పెద్దామె ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు చప్పరించి, మళ్లీ కంచంలోకే జార్చింది.

"నమలబుద్ధి కావట్లేదే." మాట ముద్దముద్దగా వచ్చింది.

"డాక్టరు దగ్గరికి పోదాం పద, అక్కా."

"ఎందుకూ? నొప్పేం లేదు... హాయిగా ఉంది."

చిన్నామె ఆమె గడ్డం పట్టుకుంది. వేళ్లు లోపలికి దిగిపోయాయి. ఎముక తగల్లేదు. తడి పిండిలో నొక్కినట్టు గుంటలు అలాగే ఉండిపోయాయి.

చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ, బావగారిని పిలవడానికి పక్కగదిలోకి ఉరికింది. అక్కడ తన కూతురు ఒక్కతే కూర్చునుంది. ముందు పాలగ్లాసు... పెద్దమ్మ సగం తాగి వదిలేసింది. ఇప్పుడు ఖాళీ. పాప బిస్కెట్టుని పెదాలకి ఆనించుకుని చీకుతోంది. చీకుతూనే ఉంది. గడ్డం మీంచి చొంగ తీగలా వేలాడుతోంది.

"నమిలి మింగవే, బంగారం..."

పాప తలెత్తింది.

"దేంతో, అమ్మా?"