రాందేర్‌ల తాళమేసిన ఇల్లు

రాందేర్‌ల ఒక గల్లీ ఉన్నది. ఆ గల్లీల తాళమేసిన ఇంటి ముంగట పొద్దుమూకినంక ఎవ్వరూ నడువరంట. లోపట మనిషి లేడు… మాట మాత్రం వస్తదంట. "కోయీ ఛే?" అని. ఎవలన్నా ఉన్నరా అని గుజరాతీల అడుగుతదంట. ఉన్న అని పలికినోడు తెల్లారి జరంతోని మంచం పడతడంట.

ఇది చెప్పింది మా కార్ఖానల రాజలింగం. నేను పకపక నవ్విన.

"దెయ్యం గూడ గుజరాతీ నేర్చుకున్నదా? సూరత్ వచ్చి ఇరవై ఏండ్లాయె, నాకే సక్కగ రాదు!"

లింబాయత్ బస్తీల మగ్గాల కాడ నేను గిట్ల మస్తు గొప్పలు కొడత. ఆ చప్పుడుల నా మాట నాకే వినవడది. అందుకే అంత ధైర్యం.

గీ చలికాలంల సిరిసిల్ల నుంచి మా అత్తమ్మ బాలవ్వ వచ్చింది. పెండ్లయిన తొమ్మిదేండ్లకు నా పెండ్లాం విజయశ్రీకి ఇప్పుడు ఆరో నెల.

"ఏ దేవుడు దయజూసిండో తెల్వది అల్లుడా. ఒక్కన్ని మరిసినా తప్పయితది. అందరికీ మొక్కుత," అన్నది అత్తమ్మ.

అందరు దేవుళ్ళు ఒక్కకాడ దొరకాలంటే రాందేరే. తాపీ నది అవతలి ఒడ్డున, సూరత్ కంటే పాత ఊరంటరు. జైనులు మొక్కే దేరాసర్లు, పాత మసీదులు, గుళ్ళు… అన్నీ ఇరుకు గల్లీలల్ల పక్కపక్కనే. అత్తమ్మ దేరాసర్ల బియ్యం పెట్టి మొక్కింది. మసీదు మెట్ల కాడ కొంగు పట్టి మొక్కింది. గుడిల కొబ్బరికాయ కొట్టింది. నేను ఎనుక సంచి మోసిన.

ఆఖరి గుడి నుంచి బయటికొచ్చేసరికి చీకటి పడ్డది. ఆటోల కాడికి దగ్గరి తొవ్వ అని నేనే ఒక గల్లీల మల్పిన. సగం పోయినంక చూస్తే… పాత చెక్క వాకిలి. తుప్పు పట్టిన పెద్ద తాళం.

అదే ఇల్లు.

అత్తమ్మకు చెప్పలే. పాపం, ఆమె భయపడతదని.

అప్పుడు… లోపటికెల్లి…

"కోయీ… ఛే…?"

సన్నగ. ఎండిపోయిన గొంతు.

అత్తమ్మ ఆగింది. "ఎవలో పిలుస్తున్నరు గద?"

"పలుకకు అత్తమ్మా…" నా గొంతు నాకే వినవడలే.

"కోయీ ఛే…"

ఈసారి గోడను గోళ్ళతోని గీకిన చప్పుడు—

"వామ్మో!" అని ఎవలో అరిచిండ్రు. నేనే! ఉరికిన. చెప్పొకటి ఊడింది. సంచి పడి కొబ్బరిచిప్పలు దొర్లినయి. గల్లీ కుక్క నన్ను జూసి మొరుగుడు మాని పక్కకు జరిగింది. రోడ్డు మీది చాయ్ బండి వెలుతురు కనవడ్డంకనే ఆగిన.

ఆయాసపడుకుంట ఎనుకకు తిరిగిన. "భయపడకు అత్తమ్మా, నేనున్న—"

అత్తమ్మ లేదు.

అరవై ఐదేండ్ల మనిషిని, భాష రాని ఊర్ల, ఆ ఇంటి ముంగట ఇడిసిపెట్టి వచ్చిన. కడుపుతోని ఉన్న విజయశ్రీకి ఏం మొఖం చూపియ్యాలె? మీ అమ్మ కంటే నేను జోరుగ ఉరికిన అని చెప్పాలెనా?

ఎనుకకు మల్లిన. ఒక్క చెప్పుతోని. పొద్దటి నుంచి మొక్కిన దేవుళ్ళందరినీ కలిపి పిలుచుకుంట.

వాకిలి ముంగట ఎవ్వరూ లేరు. తాళం గట్లనే ఉన్నది. కానీ లోపట… మాటలు. రెండు గొంతులు. ఒకటి అత్తమ్మది!

"అత్తమ్మా! నిన్ను లోపటికి ఎట్ల గుంజుకున్నది?"

"గుంజుకునుడేంది? ఎనుక సందుల తలుపున్నది. జల్ది రా, ముసలామె పడ్డది!"

సందుల నుంచి తిరిగి తలుపు నూకిన. చిన్న బల్బు వెలుతురుల, నేల మీద ఎనభై ఏండ్ల పెద్దామె. పేరు మంజుబెన్. కాలు వాచి లేవనస్తలేదు. అత్తమ్మ ఆమె తలను ఒడిల పెట్టుకొని నీళ్ళు తాపుతున్నది.

ముందటి వాకిలి ఎన్నడో మూసేసి, ఎనుక అర్రల ఒక్కతే ఉంటదట. ముంగట చప్పుడైతే ఎవలని అడుగుడు ఆమెకు అలవాటట. ఇయ్యాల పగటీలి జారిపడ్డది. అప్పటికెల్లి పిలుస్తనే ఉన్నది, గోడ గీకుతనే ఉన్నది. అడుగుల చప్పుడు వినవడేదట. ఆగేవి… తర్వాత ఉరికేవి.

నాకు తలకాయ ఎత్త బుద్ధి కాలే.

"నీకు గుజరాతీ రాదు గద అత్తమ్మా. ఎట్ల తెలిసింది?"

"మూలుగు తెల్వదా బిడ్డా?"

అంబులెన్సుకు ఫోన్ చేసిన. గల్లీలకు బండి రాదన్నరు. పెద్దామెను వీపు మీద ఎక్కించుకొని రోడ్డు మొఖాన నడిచిన. పిట్టంత బరువు లేదు. పక్కన అత్తమ్మ ఫోన్ లైటు పట్టుకొని నడుస్తున్నది.

సగం గల్లీ దాటినంక పెద్దామె నా మెడను గట్టిగ పట్టుకొని, చెవుల గుజరాతీల గుసగుసలాడింది.

"జర జల్ది నడువు బేటా… ఈ గల్లీ మంచిది కాదు. ఇందాక బయట ఏదో దెయ్యం అరిచింది. పుట్టినకాడికెల్లి ఈడనే ఉన్న… గంత ఘోరంగ అరిచిన దెయ్యాన్ని ఎన్నడూ వినలే."

"ఏమంటున్నది అల్లుడా?" అని అడిగింది అత్తమ్మ.

"ఏం లేదు అత్తమ్మా," అన్న. "కాలు నొస్తున్నదట."