చెంచమ్మ రాయి

దిబ్బపాళెం సరుగుడుతోపు అంచున ఒక సర్వేరాయి ఉండేది. పొద్దు గుంకితే ఆ దిక్కుకు ఎవరూ పొయ్యేవాళ్లు కాదు. బకింగాం కాలవలో పడవలు లాగేవాళ్లు గూడా అక్కడికొచ్చేసరికి మాట ఆపేసి, ముక్కు మూసుకొని, తాడు గబగబా లాగేవాళ్లు.

కంపు... మామూలు కంపు కాదు. గాలి ఆడని రాత్రుల్లో గూడా అది మనిషిని వెతుక్కుంటా వచ్చేదంట.

చెంచమ్మ కంపు అనేవాళ్లు దాన్ని.

చెంచమ్మ పాళెంలో చేపలమ్ముకుని బతికిన మనిషి. పెద్ద గాలివాన వచ్చిన ఏడు పాళెం మొత్తం కాలవ దాటి కావలి దిక్కుకు పోయింది. గాలి తగ్గీతగ్గకముందే, మొగుడి పడవ ఏమైందో చూసొస్తానని చెంచమ్మ ఒక్కతే వెనక్కి వచ్చింది. మిగతావాళ్లు తిరిగొచ్చేసరికి ఆ రాయి పక్కన పడి ఉంది. ఉబ్బిపోయి, రంగు మారిపోయి... చేతి కడియం చూసి గుర్తుపట్టినారు. పాము కరిచిందని మునసబు తేల్చినాడు. అప్పటినుంచి రాయి ఆమెదైపోయింది. ముట్టుకుంటే ఆ రాత్రికి వాంతులు పట్టుకుంటాయని పేరు.

అట్టాంటి చోటికి కొలతలకు వచ్చినాడు హజరత్తయ్య.

కోవూరు దగ్గర వరి పండించుకునే ఇంటివాడు. మిలిటరీలో ఉండి, బైటికొచ్చినాక అమ్మ మడక పట్టమంటే పట్టలేదు. సర్వే పరీక్ష రాసి సర్కారు కొలువులో చేరినాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మనిషి మాత్రం ఖాయమైనవాడే. తన చెయ్యి పెట్టి చూడని రాయిని రాసుకునే రకం కాదు.

గ్రామ మునసబు పద్మనాభయ్య ఆయనకు తన ఇంట్లోనే విడిది ఇచ్చినాడు. పేరిన నెయ్యి, కోడికూర, గడ్డపెరుగు. ఆకు ముందు కూర్చోబెట్టుకొని చెంచమ్మ కథ చెప్పినాడు. కడుపు ఎట్టా ఉబ్బిందో, కళ్లను పీతలు ఏం చేసినాయో విడమర్చి చెప్తా, మధ్యలో కోడి ఎముక చీకి మూలుగ లాగినాడు. వేళ్లు నాకినాడు. హజరత్తయ్యకు నోట్లో ముద్ద దిగలేదు. అయినా దిగమింగినాడు. తిన్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"ఆ రాయి జోలికి పోబాకండి సర్వేయరు గారూ," అన్నాడు మునసబు. "ముందొచ్చినాయన దూరంనుంచి చూసి రాసుకొని పోయినాడు. మీరూ అట్టే రాసుకోండి. అది చెంచమ్మ రాయి. దాన్ని కదిలించే మొగోడు ఈ జిల్లాలో లేడు."

సంగతేందంటే, ఆ రాయికి పడమర మునసబు తోపు, తూరుపున పాళెంవాళ్లు చేపలెండేసుకునే దిబ్బ. గాలివాన తర్వాత దిబ్బ సగానికి సగం తగ్గిపోయింది. సముద్రం తినేసిందనుకున్నారు పాళెంవాళ్లు. ఈ సర్వేలో హద్దు ఖాయమైతే ఇంక మార్చేది లేదు. మిగిలిన ఆ కాస్త చోట్లో వలలు ఆరేసుకోవాలా, చేపలెండేసుకోవాలా? పాళెం లేచిపోవాల్సిందేనని ఆడవాళ్లు అప్పటికే అనుకుంటా ఉన్నారు.

తెల్లారి హజరత్తయ్య కాలవకట్ట మీది పాత రాయినుంచి కొలత చైను లాగించినాడు. తాళ్లతోపు రాయినుంచి ఇంకోసారి లాగించినాడు. రెండు కొలతలూ చెంచమ్మ రాయి దగ్గర కలవలేదు. బాగా పడమరకు, మునసబు తోపు నడిమధ్యలో కలిసినాయి.

ఎండకు చైను సాగిందన్నాడు మునసబు. అని ఊరుకోకుండా, పైవాళ్లు మిమ్మల్ని ఖాయం చేసేముందు మీ పని ఎట్టా ఉందని మమ్మల్ని అడుగుతారు గదా అని నవ్వినాడు. పళ్ల సందుల్లో వక్కపొడి.

సర్వేవాళ్లలో పాతకాలంనుంచీ ఒక పద్ధతి ఉంది. రాయి నాటేముందు గుంతలో దోసెడు బొగ్గులు పోస్తారు. బొగ్గు కుళ్లదు, చెదలు తినవు. రాయిని ఎవడన్నా పీకి పక్కన పాతినా, అడుగునున్న బొగ్గు సంగతి వాడికి తోచదు. అది నాటిన చోటే ఉంటుంది.

తవ్వి చూడాలి. మునసబు కూలీలను ఇయ్యనన్నాడు. చైను లాగే గంగులయ్యేమో, చెన్నపట్నం దాకా చైను లాగమన్నా లాగుతా గానీ ఆ రాయిని మాత్రం ముట్టుకోనని దణ్ణం పెట్టినాడు. దాంతో హజరత్తయ్య మునసబు ఇంటినుంచి మూట ఎత్తుకొని బడి వసారాలోకి మారినాడు. ఆ రాత్రి ఒక్కడే గడ్డపార, లాంతరు పట్టుకొని తోపుకు పోయినాడు.

వెన్నెల లేదు. సరుగుడాకుల్లో గాలి బుసలు కొడతా ఉంది. సముద్రం ఎక్కడో లోపల గొణుగుతా ఉంది. రాయి ఇంకా కనపడకముందే... కంపు వచ్చింది.

గొంతులోకి దిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. లాంతరు వత్తి తగ్గించి కూర్చున్నాడు.

తెల్లగా ఏదో కదిలింది.

తల విరబోసుకొని, వంగి వంగి... రాయి చుట్టూ తిరుగుతా ఉంది. నడుస్తా ఉంటే ఇసకలో చప్పుడు లేదు. రాయిని ఒక చేత్తో తడిమింది. మూలిగింది.

హజరత్తయ్య గుండె కొట్టుకున్న మాట నిజమే. కానీ ముక్కు ఇంకో మాట చెప్పింది. కాశ్మీరులో మంచు కరిగి ఎండ తిరిగినాక ఆయన శవాలు మోసినాడు. ఆ వాసన ఒకసారి ఎక్కితే చచ్చిందాకా పోదు. ఇది అది కాదు.

ఇది చేప.

"అవ్వా," అన్నాడు మెల్లిగా. "కుండ వంకర పట్టుకున్నావు. నూనె కోకమీద కారతా ఉంది."

ఆ తెల్లటిది నిలబడిపోయింది.

"నువ్వు పరిగెత్తవా?"

"పరిగెత్తేదానికి నాకు జీతం ఇయ్యరవ్వా."

ఆమె పేరమ్మ, చెంచమ్మకు వదిన. రాయికి ఆనుకొని కూర్చొని చెప్పుకొచ్చింది. చెంచమ్మ పోయిన ఏడాదికే మునసబు మనుషులు గడ్డపారలతో రాయి చుట్టూ తిరుగుతా కనపడినారంట. రాయి కదిలితే ఆ మిగిలిన దిబ్బా పోతుంది. అందుకని చేపపేగులు కుండలో కుళ్లబెట్టి, ఆ నూనె తెచ్చి రాయికి పూయడం మొదలుపెట్టింది. చెంచమ్మ కాపలా ఉందనుకుంటే ఎవడూ రాడని. పాళెంలో గూడా ఎవరికీ చెప్పలేదు. కడుక్కున్నా పోని కంపుతో, కొడుకు ఇంట్లో కూడు వేరే, పడక వేరే చేసుకొని బతికింది.

హజరత్తయ్య రాయి మొదట్లో తవ్వినాడు. మోచెయ్యి లోతు దాటింది. ఇంకా తవ్వినాడు. తెల్లటి ఇసక... బొగ్గు పలుకు ఒక్కటి లేదు.

బొగ్గు సంగతి ఆమెకు చెప్పినాడు.

"అంటే... ఇన్నాళ్లూ నేను వాడు పాతిన రాయికి కాపలా కాసినానా నాయనా?"

ఆయన లాంతరు గుంతలోకి దించి చూపించినాడు.

"మేమందరం ఊళ్లో లేనప్పుడు నాటుంటాడు," అంది. రాయిమీదినుంచి చెయ్యి తీసేసింది. "ఆ రోజు ఇక్కడికొచ్చింది చెంచమ్మ ఒక్కతే."

పాము కరవలేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. హజరత్తయ్యకు మునసబు ఆకు ముందు చీకిన కోడి ఎముక గుర్తొచ్చింది. పక్కకు తిరిగి కక్కుకున్నాడు. పేరమ్మ చేతిలో కుండ ఇసకలో పెట్టేసి, దాని దిక్కు మళ్లీ చూడకుండా పాళేనికి పోయింది.

ఆమె పోయినాక గుంత పూడ్చి, ఆయన తోపులోకి నడిచినాడు. పగలు కొలతలు కలిసిన చోట తవ్వినాడు. గడ్డపారకు నల్లగా అంటింది. పిడికెడు తీసి లాంతరు దగ్గర పెట్టి చూసినాడు. బొగ్గు... ఇన్నేళ్లైనా పొడి గూడా కాని బొగ్గు.

మళ్లీ అక్కడే పోసి, మట్టి కప్పి, పైన సరుగుడాకు పరిచినాడు. గుర్తు పెట్టలేదు. ఎవరన్నా చూస్తే తెల్లారేలోగా బొగ్గు మాయం చేస్తారు. ఉద్యోగం ఉన్నా పోయినా పొద్దున్నే పోయి తాసిల్దారును పిలుచుకొని రావాలని తీర్మానించుకొని పడుకున్నాడు.

తెల్లారకముందే గంగులయ్య వచ్చి లేపినాడు.

"రాయి నడిచింది సార్."

పాళెం, ఊరు, అందరూ తోపులో ఉన్నారు. నలుగురు మోస్తే గానీ లేవని రాయి తోపు నడిమధ్యలో నిటారుగా నిలబడి ఉంది. చుట్టూ సరుగుడాకు చెదరలేదు. మొదట్లో మాత్రం నల్లగా బొగ్గు పలుకులు తేలినాయి.

మునసబు పైగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని, పీకండ్రా అన్నాడు. ఒక్కడూ కదల్లేదు.

"దాన్ని కదిలించే మొగోడు లేడని నువ్వే గదయ్యా ఊరంతా చెప్పింది," అంది పేరమ్మ. గట్టిగా గూడా అనలేదు.

అందరూ మునసబు మొహం చూసినారు. ఆయన రాయిని చూస్తా ఉన్నాడు. వెనక్కి రెండడుగులు వేసి, గబగబా ఇంటికి పోయినాడు. హజరత్తయ్య హద్దు అక్కడే రాసుకున్నాడు. కాదనేదానికి ఎవరూ రాలేదు.

జనం పలచబడినాక ఆయన పేరమ్మను పక్కకు పిలిచినాడు.

"ఎంతమంది మోసినారవ్వా?"

పేరమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"నిన్నడుగుదామని నేనుంటే... ఆ చోటు నువ్వు నాకు చూపించలేదు గదా నాయనా."

హజరత్తయ్య మళ్లీ రాయి దగ్గరికి పోయినాడు. చెయ్యి పెట్టి నిమిరినాడు. ఇన్నేళ్లు పూసిన చేపనూనె జిడ్డు లేదు, మరక లేదు. కడిగినట్టు పొడిగా ఉంది. కంపు మాత్రం అట్టే ఉంది.

వంగి వాసన చూసినాడు. చూసి, చెయ్యి ఇసకలో రుద్దుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు.

అది చేప కాదు.

కాశ్మీరులో, మంచు కరిగినాక, భుజాన మోసినప్పటిది.